బిడ్డనిస్తే భూమిని వదిలేస్తాడట

బేరం వినడానికి చాలా చిన్నది. పుట్టబోయే ఒక్క బిడ్డను ఇచ్చేస్తే భూమిని తినకుండా వెళ్లిపోతానంటాడు గలాక్టస్. ఇవ్వకపోతే ఎలాగూ వస్తాడు, అందరినీ కలిపి మింగేస్తాడు. 2025 జులైలో వచ్చిన ‘ది ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ సినిమా మొత్తం ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది. గ్రహాలు తినే ఆకారం, ఒళ్లంతా వెండిలా మెరిసే దూత, ఎగిరే కారు... ఇవన్నీ ఉన్నాయి. కానీ నాకు మాత్రం అది మొదటి నుంచీ ఒక ఇంటి కథలాగే కనిపించింది. రెండేళ్లు ఎదురుచూశాక నెల తప్పిన ఒకావిడ, సంతోషం కంటే ముందు కంగారుపడే మొగుడు, నోటి దూకుడున్న తమ్ముడు, రాయిలా మారిపోయినా వంటింట్లోనే ఎక్కువసేపు గడిపే కుటుంబ స్నేహితుడు. ఆదివారం రాత్రి నలుగురూ కలిసి భోంచేయాలని ఇంట్లో ఒక నియమం. కడుపు విషయం దాచాలనుకుంటారు మొగుడూ పెళ్లాం. రీడ్ మొహం చూడగానే స్నేహితుడు బెన్ కనిపెట్టేస్తాడు. ఇలాంటి మొహాలు మన ఇళ్లల్లోనూ ఉంటాయి.

సూపర్ హీరో సినిమాలు నాకు పెద్దగా ఎక్కవు. మా ఆయనకు ప్రాణం. చిన్నప్పుడు పాత పుస్తకాల షాపుల్లో పది రూపాయలకు దొరికిన కామిక్స్ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. ఈ సినిమా థియేటర్లో ఆడినప్పుడు నేను వెళ్లలేదు. తర్వాత ఇంట్లో, నాకు అయిదో నెల నడుస్తుండగా, ఒక ఆదివారం చూశాం. ఆ వారమే ఎందుకు చూశామో చెప్పాలి.

అయిదో నెలలో చేసే స్కానింగును మన దగ్గర టిఫా స్కాన్ అంటారు. తల నుంచి కాలివేళ్ల దాకా బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటే చూస్తారు. నలభై నిమిషాలు పడుతుంది. నాకు గంట దాటింది. బిడ్డ గుండెలో ఒక చిన్న తెల్లచుక్క కనిపిస్తోందన్నారు డాక్టరుగారు. కంగారు పడొద్దు, చాలామంది పిల్లల్లో ఇలా కనిపిస్తుంది, గుండె పనికి దానివల్ల ఏ అడ్డూ ఉండదు అన్నారు. అయితే అరుదుగా క్రోమోజోముల తేడా ఉన్న పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది కాబట్టి ఎందుకైనా మంచిది, ఒక రక్తపరీక్ష చేయించుకోమన్నారు. తల్లి రక్తంలో బిడ్డ తాలూకు డీఎన్‌ఏ ముక్కలు తిరుగుతుంటాయి, వాటిని వెతికి పట్టుకుని చూసే పరీక్ష. రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల్లో వచ్చిన ఆదివారం అది. ఏదో ఒకటి చూస్తూ కూర్చుంటే నా బుర్ర కాసేపు ఆగుతుందని మా ఆయన ఆశ. కథ ఏమిటో తెలిసీ అదే ఎందుకు పెట్టాడని తర్వాత అడిగితే, ‘గలాక్టస్ మాత్రమే గుర్తున్నాడు, కడుపు సంగతి తట్టలేదు’ అన్నాడు. నమ్మాను. మగవాళ్లకు ఇది నిజంగానే సాధ్యం.

సినిమాలో రీడ్ రిచర్డ్స్ చేసే మొదటి పని కూడా స్కానింగే. భార్య సూ కడుపుతో ఉందని తెలిసిన దగ్గర్నుంచీ పరికరాలు తయారుచేయడం, బిడ్డ కొలతలు తీయడం. ఆయన భయానికి కారణం ఉంది. ఈ నలుగురికీ శక్తులు వచ్చిందే అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తగిలి. ఆ కిరణాలు వాళ్ల డీఎన్‌ఏను మార్చేశాయి. మరి ఆ ఒంట్లో పెరుగుతున్న బిడ్డ ఎలా ఉంటుంది? పరీక్షల్లో అంతా మామూలుగానే ఉందని వస్తుంది. అయినా మళ్లీ చేస్తాడు. ఒక చోట సూ విసిగిపోయి, తన పొట్టను తానే మాయం చేసి లోపలున్న బిడ్డను మొగుడికి చూపిస్తుంది. కనిపించకుండా పోవడం ఆమె శక్తి కదా. ఆ ఒక్క సీన్ కోసం మిగతా గ్రాఫిక్స్ అన్నీ క్షమించేయొచ్చు అనిపించింది నాకు. (మన దేశంలో అయితే ఆ సీన్‌కి కూడా ఆవిడ చేత ఫారం-ఎఫ్ మీద సంతకం పెట్టించుకుని, ఆడా మగా అడగబోమని రాయించుకునేవాళ్లు.)

కడుపుతో ఉన్నది నేనే అయినా సినిమాలో నాకు దగ్గరగా అనిపించింది సూ కాదు, రీడ్. అది నా ఉద్యోగం వల్ల వచ్చిన గుణం అనుకుంటా. డబ్బు చెల్లింపులు జరిగే ఒక సాఫ్ట్‌వేర్ పడిపోకుండా చూసుకునే టీములో పని నాది. కొత్త వెర్షన్ వదిలేముందు ఏమేం పాడయ్యే అవకాశం ఉందో ముందుగా కూర్చుని రాస్తాం. ఒక సర్వర్ పోతే? రెండూ ఒకేసారి పోతే? బ్యాకప్ కూడా చెడిపోయి ఉంటే? ఎంత ఘోరమైనది ఊహిస్తే అంత మంచి ఇంజినీరు కింద లెక్క. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఆ కాగితమే కాపాడుతుంది. రీడ్ బుర్ర ఇరవై నాలుగ్గంటలూ అలాగే పనిచేస్తుంది. ప్రపంచంలో జరగగల ప్రతి చెడునూ ముందే ఊహించుకుంటాడు, ఊహించినదాన్ని జరగకుండా ఆపొచ్చని.

అందుకే బేరం తర్వాత వచ్చే సీన్ దగ్గర నేను సోఫాలో నిటారుగా కూర్చున్నాను. బిడ్డ ఫ్రాంక్లిన్ అప్పటికే పుట్టేస్తాడు. భూమి మీద జనం వీళ్ల మీద తిరగబడుతుంటారు. మనసులో ఏముందో చెప్పమని సూ నిలదీస్తే, బిడ్డను ఇచ్చేయడం గురించి కూడా ఆలోచించానని రీడ్ ఒప్పుకుంటాడు. అంటే ఇచ్చేద్దామని కాదు. ఉన్న దారులన్నీ లెక్కలోకి తీసుకున్నప్పుడు అదీ ఒక దారిగా కనిపించిందని. ఒకవైపు ఒక ప్రాణం, రెండోవైపు భూమ్మీదున్న అందరూ. లెక్క అయితే తప్పు లేదు.

‘ఆ మాట పైకి అనకుండా ఉండాల్సింది’ అన్నాడు మా ఆయన.

‘ఆలోచించడం తప్పు కాదా మరి?’ అన్నాను.

‘ఆలోచించడం కూడా తప్పే. కన్నతండ్రి.’

రిమోట్ తీసుకుని సినిమా ఆపేశాను. అత్తయ్య వంటింట్లో ఉన్నారు. మిక్సీ చప్పుడు వినిపిస్తోంది. నెమ్మదిగా చెప్పాను, ‘నేనూ వేశాను ఆ లెక్క.’

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మారింది. ‘ఎప్పుడు?’

‘మంగళవారం రాత్రి. నువ్వు పడుకున్నాక.’

నిజమే. రిపోర్టులో చెడ్డగా వస్తే ఏమిటన్నది ఆ రాత్రి మొత్తం చదివాను. ఆ తర్వాత ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష ఏమిటి, అందులో ప్రమాదం ఎంత, చట్టం ఏం చెబుతుంది, 2021లో మారిన తర్వాత ఎన్ని వారాల దాకా ఎవరికి అనుమతి ఉంది, ఇరవై నాలుగు వారాలు దాటితే మెడికల్ బోర్డు దగ్గరికి ఎలా వెళ్లాలి. కాగితం మీద తేదీలు వేసుకున్నాను. రిపోర్టు ఫలానా రోజు వస్తే, రెండో పరీక్షకు ఇన్ని రోజులు, అప్పటికి నాకు ఎన్నో వారం. ఆ కాగితం రాస్తున్నంతసేపూ బిడ్డ లోపల కదులుతూనే ఉంది. చేత్తో పొట్ట నిమురుతూనే రాశాను. ఈ రెండూ ఒకే మనిషి ఒకే సమయంలో చేయగలదని ఎవరికైనా చెబితే నమ్ముతారో లేదో.

చాలాసేపటికి మా ఆయన ‘నన్ను లేపొచ్చు కదా’ అన్నాడు.

అంతే అన్నాడు. మళ్లీ సినిమా పెట్టాక సూ కోపాన్ని ఇంకోలా చూశాను. లెక్క వేసినందుకు ఆమెకు బాధ ఉంది, కాదనను. కానీ ఒక్కడే కూర్చుని వేసుకున్నాడే, పక్క గదిలో తను బిడ్డకు పాలిస్తూ ఉండగా, ఆ బాధ దానికంటే పెద్దదిగా అనిపించింది.

ఈలోగా అత్తయ్య పల్లెం నిండా జంతికలు పట్టుకొచ్చి కూర్చున్నారు. వాళ్లది తాడేపల్లిగూడెం వైపు పల్లెటూరు. ఇంగ్లిషు సినిమా అంటే ఆవిడకు ఆట్టే ఓపిక లేదు గానీ చంటిపిల్లాడు కనిపించేసరికి ‘ఏంటిట కథ?’ అన్నారు. మా ఆయన సౌండు తగ్గించి మొదట్నుంచీ చెప్పాడు. భూమిని తింటాడట, ఆకలి తీరదట, ఈ పిల్లాణ్ణి ఇస్తే వదిలేస్తాడట.

‘ఓస్, బకాసురుడే కదరా’ అన్నారు.

ఏకచక్రపురంలో రోజుకో ఇంటి వంతు. బండెడు అన్నం, రెండు దున్నలు, వాటితో ఒక మనిషి. ఆ మనిషినీ కలిపి తినేస్తాడు బకుడు. పాండవులు మారువేషంలో తలదాచుకున్న బ్రాహ్మడి ఇంటికి వంతు వస్తుంది. అక్కడి నుంచి భీముడి యుద్ధందాకా అందరికీ తెలుసు. అత్తయ్య ఆగింది మాత్రం యుద్ధం దగ్గర కాదు. ఆ ఇంట్లో జరిగిన వాదన దగ్గర. నేను వెళ్తానంటాడు తండ్రి. మీరు పోతే పిల్లల్ని ఎవరు పెంచుతారు, నేను వెళ్తానంటుంది తల్లి. ఎప్పటికైనా ఇంకో ఇంటికి పంపాల్సినదాన్నే కదా, నన్నే పంపండి అంటుంది కూతురు. ప్రతివాళ్లూ లెక్కలే చెబుతారు, తర్కంతో. వీళ్లందరి ఏడుపూ చూసి, సరిగ్గా మాటలు కూడా రాని చిన్న కొడుకు ఒక గడ్డిపరక పట్టుకుని వచ్చి, దీంతో ఆ రాక్షసుణ్ణి చంపేస్తానంటాడట. అంత దుఃఖంలోనూ అందరికీ నవ్వొస్తుందట. గోడ అవతలి నుంచి ఇదంతా విన్న కుంతి సరిగ్గా అప్పుడే లోపలికి వస్తుంది.

భారతంలో ఈ గడ్డిపరక సంగతి నాకు గుర్తులేదు. వినగానే టీవీలో ఉన్న పిల్లాడి వైపు చూశాను. గలాక్టస్‌కి ఫ్రాంక్లిన్ ఎందుకు కావాలంటే, వాడిలో అంతులేని శక్తి ఉందట. తన ఆకలిని వాడికి అంటగట్టి, తన చోట వాణ్ణి కూర్చోబెట్టి తను విముక్తి పొందాలని ఆయన పథకం. అమెరికా వాడు ఆ గడ్డిపరకను నిజం ఆయుధం చేసేశాడు.

‘మరి కుంతి ఇచ్చేసింది కదా కొడుకుని’ అన్నాడు మా ఆయన, తల్లిని ఆటపట్టించడానికి.

‘భీముడి సంగతి తెలిసే పంపింది. హిడింబుణ్ణి చంపినవాడు. తెలీకపోతే పంపుతుందా ఏ తల్లైనా?’ అన్నారు అత్తయ్య. ధర్మరాజు కూడా ఇలాగే తల్లిని తప్పుపడితే కుంతి చెప్పిన జవాబూ ఇంచుమించు అదే. సూ స్టార్మ్‌కి ఆ భరోసా లేదు. ఆమె కొడుకు వయసు రోజుల్లో ఉంది.

సినిమాలో నాకు అన్నిటికంటే భయం వేసింది గలాక్టస్‌ని చూసి కాదు. అంతరిక్షం నుంచి వీళ్లు తిరిగొచ్చిన రోజు విలేకరుల సమావేశాన్ని చూసి. అక్కడ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్న జనం ఉంటారు. గెలిచారా అని అడుగుతారు. లేదు అంటాడు రీడ్. బేరం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ఇంజినీరు కదా, అడిగినదానికి సమాధానం చెప్పేయడమే తెలుసు. వెంటనే జనంలో ఒక చప్పుడు వస్తుంది. అది కోపం కాదు ఇంకా. కాదన్నారా? ఎందుకు? అనే ఆశ్చర్యం. ఒక్క రాత్రిలో ఊరి దేవుళ్లు ఊరి శత్రువులైపోతారు.

ఆ జనాన్ని దుర్మార్గులుగా చూపించలేదు, అందుకు దర్శకుడు మ్యాట్ షాక్‌మన్‌కి మెచ్చుకోలు. వాళ్లకీ ఇంట్లో పిల్లలున్నారు. నా పిల్లలు బతకాలంటే నీ పిల్లాణ్ణి ఇవ్వు అన్నది, అడిగేవాడి వైపు నుంచి చూస్తే, అదీ ప్రేమే. కథ జరిగేది 1960ల అమెరికాలాంటి ఒక ఊహా ప్రపంచంలో. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1967లో, ఫిలిప్పా ఫుట్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త ఒక చిక్కుప్రశ్న వేసింది. బ్రేకులు లేని ట్రామ్ బండి వెళ్తోంది, పట్టాల మీద అయిదుగురున్నారు, పక్క దారికి మళ్లిస్తే అక్కడ ఒక్కడే ఉన్నాడు, మళ్లిస్తావా? మా ఇంజినీరింగ్ కాలేజీలో డ్రైవరు లేని కార్ల గురించి సెమినార్ పెట్టినప్పుడు ఈ ప్రశ్న మీద గంటసేపు కొట్టుకున్నాం. చేతులెత్తి ఓటు కూడా వేశాం. దాదాపు అందరం మళ్లిద్దామన్నాం. పక్క దారిలో ఉన్నవాడికి పేరు లేదు కదా. వాడికి అమ్మ ఉంటుందని ఆ గంటలో ఎవరమూ అనలేదు.

కడుపు కనిపించడం మొదలయ్యాక నాకు తెలిసిన ఇంకో విషయం, కడుపులో బిడ్డ మీద అందరికీ ఒక ఓటు ఉంటుందని. లిఫ్టులో పేరు తెలియని పెద్దావిడ కూడా పొట్ట ఆకారం చూసి జోస్యం చెబుతుంది. బొప్పాయి తినొద్దంటారు, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దంటారు, మేనరికం కాదు కదా అని అడుగుతారు. స్కానింగు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. చెబితే ప్రేమతోనే అడుగుతారు అందరూ, ఆ ప్రేమకు సమాధానం చెప్పే ఓపిక నాకు ఆ పది రోజుల్లో లేదు. అందుకే ఆ విలేకరుల సమావేశంలో రీడ్ నోరు తెరవగానే, చెప్పకు, చెప్పకు అని లోపల అరుచుకున్నాను.

తర్వాత సూ బిడ్డను ఎత్తుకుని ఇంటి ముందు గుమిగూడిన జనం దగ్గరికి దిగి వస్తుంది. ప్రపంచం కోసం బిడ్డనూ, బిడ్డ కోసం ప్రపంచాన్నీ, రెండిట్లో దేన్నీ వదులుకోనంటుంది. వెనెస్సా కర్బీ బాగా చేసింది. అయినా ఇక్కడ నాకు సినిమా మీద ఫిర్యాదు ఉంది. రెండు నిమిషాల మాటలకే అంత భయపడిన జనం చల్లబడిపోతారు. భయం అంత తొందరగా చల్లారదు. ఆ వెంటనే దేశాలన్నీ కరెంటు పొదుపు చేసి ఇచ్చి మరీ రీడ్ పథకానికి సాయపడతాయి. భూమినే అక్కణ్ణుంచి ఎత్తి ఇంకో సౌర కుటుంబంలోకి జరిపేసే పథకం. భూమి జరుగుతుందేమో గానీ, దేశాలన్నీ ఒక మాట మీదికి రావడం మాత్రం ఫ్యాంటసీయే.

గలాక్టస్ దూతగా వచ్చే షల్లా-బాల్ గురించి ఎక్కువమంది మాట్లాడలేదు. ఒళ్లంతా వెండి, సర్ఫింగ్ బల్ల మీద నక్షత్రాల మధ్య తిరుగుతుంది. చావు కబురు ముందుగా మోసుకొచ్చేది ఆమే. సూ తమ్ముడు జానీ ఆమె భాషను పట్టుబట్టి నేర్చుకుని కథ బయటికి లాగుతాడు. ఆమె కూడా ఒక తల్లి. తన లోకాన్నీ, తన కూతుర్నీ వదిలేయమని, బదులుగా తనను తాను గలాక్టస్‌కి ఇచ్చేసుకుంది. అంటే బేరానికి సరేనన్న తల్లి. కూతురు బతికింది. కానీ ఆ తర్వాత ఆమె వెళ్లి ఎన్ని లోకాలకు చావు చెప్పిందో, అక్కడ ఎంతమంది కూతుళ్లున్నారో లెక్క లేదు. బేరం ఒక్కసారితో తీరదన్నమాట. అత్తయ్య అప్పటికి లేచి లోపలికి వెళ్లిపోయారు గానీ, ఈ పాత్ర గురించి ఆవిడ ఏమంటారో వినాలని ఉంది నాకు.

ప్రసవం సీన్ సంగతి. వెంటాడుతున్న షల్లా-బాల్ నుంచి తప్పించుకుంటూ, ఒక న్యూట్రాన్ నక్షత్రం పక్కనుంచి ఓడ దూసుకుపోతుండగా సూకి నొప్పులు వస్తాయి. బరువు లేని స్థితిలో గాల్లో తేలుతూ కంటుంది. కనడానికి భూమి ఆకర్షణ ఎంత సాయం చేస్తుందో ప్రసవ తరగతుల్లో మాకు గంటసేపు చెప్పారు, నడవమన్నారు, గొంతుకూర్చోమన్నారు. ఇక్కడ అదేమీ లేదు. నవ్వొచ్చింది, భయమూ వేసింది. కర్బీ 2020లో ‘పీసెస్ ఆఫ్ ఎ ఉమన్’ అనే సినిమాలో ఇంట్లోనే ప్రసవించి బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా నటించి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. ఇక ఈ సినిమా ప్రచారం రోజులకు నిజంగానే గర్భవతి.

ఈ కుటుంబాన్ని 1961లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి సృష్టించారు. (కర్బీ అన్నది ఆయన పెట్టుకున్న పేరు, నటితో బంధుత్వమేమీ లేదు. సినిమాలోని లోకానికి 828 అని నంబరు పెట్టింది ఆయన పుట్టినరోజు ఆగస్టు 28ని తలుచుకునే.) 1965లో రీడ్‌కీ సూకీ పెళ్లి చేశారు. 1966లో గలాక్టస్‌ని దింపారు. 1968 వార్షిక సంచికలో బిడ్డ పుట్టాడు. అప్పట్లో సూ పేరు ఇన్విజిబుల్ ఉమన్ కాదు, ఇన్విజిబుల్ గర్ల్. పెళ్లయి పిల్లాడు పుట్టినా అమ్మాయే. ఆ సంచిక మా ఆయన చూపించాడు. సూ ఒంట్లోని కాస్మిక్ కిరణాల వల్ల తల్లీబిడ్డలకు ప్రమాదమని తెలిసి, మగవాళ్లు ముగ్గురూ వేరే లోకానికి వెళ్లి, యుద్ధం చేసి మందు సంపాదించుకొస్తారు. కథలో ఎక్కువ భాగం వాళ్లదే. కనేది ఆసుపత్రి మంచం మీద, మనకు కనిపించని చోట. 2025కి వచ్చేసరికి కెమెరా ఆమె మొహం మీద ఉంది. దీనికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

ఇంకో సంచిక ఉంది. అది మా ఆయన చూపించలేదు. 1984లో జాన్ బర్న్ రాసి, గీసిన 267వ సంచిక. ఫ్రాంక్లిన్ తర్వాత సూ మళ్లీ గర్భవతి అవుతుంది. మళ్లీ అదే ప్రమాదం. ఈసారి సాయం చేయగలవాడు ఒక్కడే, డాక్టర్ ఆక్టోపస్, విలన్. రీడ్ వాణ్ణి బతిమాలి, పోరాడి, చివరికి ఒప్పించి ఆసుపత్రికి తీసుకొస్తాడు. వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. బిడ్డ దక్కలేదు. నాలుగు పుస్తకాల్లో మూడింటిని ట్రంకుపెట్టెలోంచి తీసిచ్చి ఒకదాన్ని లోపలే ఉంచేస్తే, తీసుకోనిదేదో చూడటం నాలాంటి వాళ్లకు అలవాటు. సోమవారం మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా చదివేశాను.

ఏడవలేదు. పైగా ఒక రకంగా తేలికపడ్డాను. ప్రపంచంలోకెల్లా తెలివైనవాడిగా రాసుకున్న పాత్రకు కూడా, అన్ని దారులూ వెతికాక కూడా, ఒక్కోసారి అందదని ఎవరో ఒప్పుకుని రాశారు కదా అని. 2025 సినిమాకు ఆ ధైర్యం లేదు. ఆఖర్లో సూ తన శక్తినంతా ధారపోసి గలాక్టస్‌ని ద్వారం దాకా నెట్టి ప్రాణం వదిలేస్తుంది. రీడ్ గుండె మీద ఒత్తి ఒత్తి అలసిపోతాడు. పసివాణ్ణి తెచ్చి ఆమె మీద పడుకోబెడితే లేచి కూర్చుంటుంది. గడ్డిపరక పనిచేసింది. పండక్కి పిల్లలతో చూసే సినిమా, అలాగే ముగియాలి, తెలుసు. తల్లి చనిపోయిందన్న ఆ రెండు నిమిషాలూ రీడ్ మొహంలో ఏ లెక్కా మిగలకపోవడం మాత్రం పెడ్రో పాస్కల్ గొప్పగా చూపించాడు.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే 267 బల్ల మీద కనిపించేలా పెట్టాను. చూశాడు. షూ విప్పుకుంటూ ‘నీ మంగళవారం కాగితం కూడా తీసుకురా’ అన్నాడు. ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ తేదీలన్నీ మళ్లీ చూశాం. ఒక చోట వారాలు కూడటంలో ఆయన నాకంటే మెరుగైన పద్ధతి చెప్పాడు. ఏ తేదీకి ఏం చేయాలన్నది మాట్లాడుకున్నాం. ఏం చేస్తామన్నది తేల్చుకోలేదు. అత్తయ్య టీవీ సౌండు పెంచుకున్నారు. వినపడిందో, వినకూడదనుకున్నారో.

రిపోర్టు ఎనిమిదో రోజే వచ్చింది. లో రిస్క్ అని ఉంది. అది వడపోత పరీక్షే, తుది నిర్ధారణ కాదని కింద సన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆ సన్న అక్షరాలు కూడా చదివాను, నేను చదవకుండా ఉంటానా. ఇక బెంగ పెట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఏడో నెలలో ఇంకో స్కానింగు ఉంది, చుక్క ఉందో పోయిందో అప్పుడు చూస్తారు.

సినిమా చివర్లో ఒక చిన్న సీన్ ఉంటుంది. గలాక్టస్‌ని గెలిచిన మహానుభావులు కారు వెనక సీట్లో చంటిపిల్లల కుర్చీ బిగించడం చేతకాక తంటాలు పడతారు. మా ఇంట్లో అలాంటిది కొనాలా వద్దా అని వారం రోజులు చర్చ నడిచింది. ఒళ్లో పెట్టుకుంటే పోయేదానికి పదిహేను వేలా అని అత్తయ్య. మొన్న డబ్బా వచ్చింది. బెల్టు ఏ కొక్కెంలోంచి ఎటు తీయాలో వీడియో ఆపి ఆపి చూస్తూ మా ఆయన గంట నుంచీ కింద పార్కింగులోనే ఉన్నాడు. వాచ్‌మన్ కూడా ఒక చెయ్యి వేస్తున్నాడు.